కిత్రీ అనే పేరుతో ఫ్రాన్స్ పేర్ల ఫైలుకు పెట్టిన పరీక్ష

ఫ్రెంచి పేర్ల గురించి ఇంటర్నెట్‌లో దొరికేదాంట్లో చాలా భాగం ఒకరిని చూసి ఒకరు రాసుకున్నదే. లూయీజ్, ఎమ్మా లాంటి పేర్ల విషయంలో దానివల్ల పెద్ద నష్టం లేదు. ఎవరు రాసినా అదే మాట వస్తుంది, అది దాదాపు నిజమే అవుతుంది. అరుదైన పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పులు మొదలవుతాయి. ఒక చోట గ్రీకు మూలం అని ఉంటుంది, ఇంకో చోట లాటిన్ అని ఉంటుంది, ఎంతమందికి ఈ పేరుందో చెప్పే అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. అందుకే ఆ అంకెలన్నీ పుట్టే చోటునే ఈ సమీక్షకు తీసుకున్నాం. అది ఫ్రాన్స్ జాతీయ గణాంక సంస్థ ఇన్సే ఏటా విడుదల చేసే పేర్ల ఫైలు, ఫ్రెంచిలో ఫిషియే దే ప్రెనోం. పరీక్షకు పెట్టిన పేరు కిత్రీ, ఆడపిల్లలకు పెట్టే ఒక అరుదైన పేరు.

ఈ పేరు రాయడంలోనే మొదటి చిక్కు ఉంది. ఫ్రెంచిలో అక్షరాలు వరసగా క్యూ, యూ, ఐ, టీ, టీ, ఈ, ఆర్, ఐ, ఈ. క్విట్టరీ అని చదవకూడదు. క్యూ, యూ కలిసి ఒక్క 'క' అవుతాయి, నడుమనున్న ఈ దాదాపు వినపడదు, చివరి ఈ అసలు పలకదు. ఒక్క టీతో రాసే పాత రూపం కూడా ఉంది. ఈ తేడా తర్వాత లెక్కల్లో ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఇప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ముందుగా తీర్పు. లెక్కల విషయంలో ఈ ఫైలుకు ఫ్రాన్స్‌లో సాటి లేదు. ఉచితం, ఖాతా తెరవనక్కర్లేదు, వాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పేరు అర్థం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పదు. పైగా అరుదైన పేర్ల దగ్గర కావాలనే కొంత దాచిపెడుతుంది. ఎక్కడ దాస్తుందో, ఎందుకు దాస్తుందో తెలుసుకుని వాడితే బంగారం. తెలియకుండా వాడితే ఉన్న పేరును లేదనుకుంటాం, పెరగని పేరును పెరిగిందనుకుంటాం.

ఫైలులో ఏముంటుంది

బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు మునిసిపల్ కార్యాలయంలో నమోదు చేయిస్తారు. అక్కడినుంచి ఇన్సేకు వెళ్ళే జనన పత్రాలే ఈ ఫైలుకు ఆధారం. 1900 నుంచి ఫ్రాన్స్‌లో పుట్టినవాళ్ళ పేర్లు ఇందులో ఉంటాయి. విదేశంలో పుట్టి తర్వాత ఫ్రెంచి పౌరులైనవాళ్ళు ఉండరు. ఒక మనిషికి మూడు పేర్లున్నా మొదటిదే లెక్కలోకి వస్తుంది. రెండు పేర్ల మధ్య అడ్డగీత ఉంటే ఆ రెండూ కలిపి ఒకే పేరు, గీత లేకపోతే రెండోది పోయినట్టే.

సంస్థ వెబ్‌సైట్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, పెట్టెలో పేరు టైపు చేస్తే గ్రాఫు గీసి చూపించే పరికరం. రెండోది, మొత్తం ఫైలును దించుకోవడం. పేరు ఎమ్మా అయితే గ్రాఫు చాలు. అరుదైన పేరైతే ఫైలే దించుకోవాలి, ఎందుకో కింద తెలుస్తుంది. చాలా ఏళ్ళుగా వస్తున్న రూపంలో జాతీయ ఫైలుకు నాలుగు నిలువు వరుసలు ఉంటాయి: లింగం, పేరు, పుట్టిన సంవత్సరం, సంఖ్య. లింగం వరుసలో 1 అంటే మగ, 2 అంటే ఆడ. జిల్లాల వారీ ఫైలులో వీటికి తోడు దెపార్తమాఁ, అంటే ఫ్రెంచి జిల్లా, కోడు ఉంటుంది. కమీయ్, దొమినీక్, క్లోద్ లాంటి పేర్లు ఇద్దరికీ పెడతారు, కాబట్టి వాటికి 2తో వడపోయకుండా ఏ లెక్కా చెప్పకూడదు. కిత్రీకి ఆ బాధ లేదు.

పాత సంవత్సరాల విషయంలో సంస్థే ఒక హెచ్చరిక ఇస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1946కు ముందు సంవత్సరాల్లో అందరూ ఈ ఫైలులో లేరు. శతాబ్దం మొదట్లో లోటు ఎక్కువ, 1946 దగ్గరికి వచ్చేకొద్దీ తగ్గుతుంది, ఆ తర్వాత దాదాపు లేనట్టే. అందువల్ల 1905లో 5, 1955లో 10 అని ఉంటే పేరు రెట్టింపైందని రాయడం పొరపాటు. ఆ పెరుగుదలలో కొంత భాగం లెక్క మెరుగుపడినందువల్ల వచ్చింది.

అరుదు అనే మాటకు ఇక్కడ కొలత ఉంది

ఈ సేవలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. మనం మామూలుగా అరుదైన పేరు అంటే ఎక్కడో ఒకచోట తప్ప వినపడని పేరు అనుకుంటాం. ఈ ఫైలులో అరుదుకు అంకెలతో నిర్ణయించిన గీతలు ఉన్నాయి, వ్యక్తుల గోప్యత కోసం పెట్టినవి.

చాలా ఏళ్ళుగా వచ్చిన ఎడిషన్లలో కాలాన్ని రెండు ముక్కలు చేశారు. 1900 నుంచి 1945 వరకు ఒకటి, 1946 నుంచి ఇప్పటి వరకు రెండోది. ఒక పేరు ఆ కాలంలో మొత్తం మీద కనీసం 20 మంది ఆడపిల్లలకు పెట్టి ఉంటేనే తన సొంత పేరుతో కనిపిస్తుంది. ఆ గీత దాటని పేర్లన్నిటినీ కలిపి 'ప్రెనోఁ రార్', అంటే అరుదైన పేర్లు, అనే ఒకే గంపలో పోస్తారు. ఏ ఏడాది ఆ గంపలో ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది, ఏయే పేర్లున్నాయో తెలియదు. ఇది గడిచాక ఇంకో గీత ఉంది. ఒక్కో సంవత్సరంలో కనీసం 3 మందికి ఆ పేరు పెట్టి ఉండాలి. 1 లేదా 2 మాత్రమే ఉన్న సంవత్సరాలను విడిగా చూపించరు. అవన్నీ కలిపి ఆ పేరుకు చివర్లో ఒక వరుస ఉంటుంది, దాంట్లో సంవత్సరం ఉండాల్సిన చోట నాలుగు ఎక్స్‌లు ఉంటాయి.

చాలామంది పడిపోయే గుంట ఈ నాలుగు ఎక్స్‌ల వరుస. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక పేరు 1946 తర్వాత మొత్తం 61 మందికి పెట్టారు. అందులో 9 సంవత్సరాల్లో మాత్రమే 3 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చాయి, వాటి మొత్తం 34. మిగతా 27 మందీ ఎక్స్‌ల వరుసలో ఉంటారు. సంవత్సరాలున్న వరుసలు మాత్రమే కూడితే 34 వస్తుంది, అసలు సంఖ్య 61. దాదాపు సగం మంది మాయమైనట్టు. సాధారణ పేర్లకు ఈ తేడా లెక్కలోకి రానంత చిన్నది. అరుదైన పేరుకు ఇదే ప్రాణం. ఎక్స్‌లను సంఖ్యగా మార్చలేక వాటిని తప్పు వరుసగా తీసిపారేసే స్క్రిప్టులు చాలా ఉన్నాయి. ఇంకొకరి లెక్కను నమ్మేముందు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ వరుసను కలిపారా, లేదా?

దీన్నిబట్టి ఒక ఖాళీ సంవత్సరాన్ని ఎలా చదవాలో కూడా అర్థమవుతుంది. ఖాళీ అంటే సున్నా కాదు. సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. గ్రాఫులో గీత ఒక ఏడాది నేలకు తగిలి మరుసటి ఏడాది లేచిందంటే పేరు చచ్చి బతికిందని కాదు, ఇద్దరి దగ్గర ఆగి మళ్ళీ ముగ్గురికి చేరిందంతే. అరుదైన పేర్ల గ్రాఫులు రంపం పళ్ళలా ఉండేది ఇందుకే.

జిల్లాల ఫైలులో ఈ తెర మరీ మందం. ఒక దెపార్తమాఁలో ఒక ఏడాదిలో 3 మంది లేకపోతే అక్కడ ఆ పేరు కనపడదు, కోడు స్థానంలో రెండు ఎక్స్‌లు పడతాయి. కిత్రీ విషయంలో ఇది తప్పుదారి పట్టించే ప్రమాదం ఉంది. ఆ పేరుగల పునీతురాలి సమాధి ఉన్నది లాంద్ దెపార్తమాఁలో, దాని కోడు 40. అక్కడ ఏటా ఒకరిద్దరికి పేరు పెడుతూ ఉన్నా పటంలో లాంద్ తెల్లగానే ఉంటుంది. పారిస్ లాంటి పెద్ద జనాభా ఉన్న చోట 3 మంది సులువుగా దొరుకుతారు కాబట్టి రంగు పడుతుంది. ఆ పటం చూసి ఇది రాజధాని పేరు అని తేల్చేయడం తొందరపాటు. పటం చూపిస్తున్నది పేరు ఎక్కడ ఉందో కాదు, ఎక్కడ గీత దాటిందో.

ర్యాంకుల సంగతి కూడా ఇంతే. అరుదైన పేర్ల జాబితా అడుగున ఒకే సంఖ్య దగ్గర వందల పేర్లు గుమిగూడి ఉంటాయి. ఒక్క పాప ఎక్కువ పుడితే పేరు వందల మెట్లు ఎక్కుతుంది. 3 నుంచి 6కు వెళ్తే వంద శాతం వృద్ధి అని రాయొచ్చు, కానీ ఆ మాటకు విలువ లేదు. ఏడాది ఏడాదికి కాకుండా ఐదేళ్ళు కలిపి కూడితే నిజమైన కదలిక కనిపిస్తుంది. ఆ మొత్తాన్ని పుట్టిన పిల్లల సంఖ్యతో పోల్చడం ఇంకా మంచిది. 1964లో ఫ్రాన్స్‌లో జననాలు 8 లక్షల 70 వేలు దాటాయి, 2023లో 6 లక్షల 80 వేలకు కాస్త తక్కువ. రెండు సంవత్సరాల్లోనూ 20 అనే అంకె ఒకటే అయినా దాని బరువు ఒకటి కాదు. పేరు ఇప్పుడు ఎంతమందికి ఉందన్నది మళ్ళీ వేరే ప్రశ్న. ఫైలు చెప్పేది ఎంతమందికి పెట్టారన్నదే, ఇప్పటికి ఎంతమంది ఉన్నారన్నది కాదు.

ఏటా కొత్త ఫైలు వచ్చినప్పుడు దానితోపాటు వచ్చే వివరణ పేజీని తప్పకుండా చదవాలి. గోప్యత కోసం పెట్టే షరతులు ఏ ఎడిషన్‌కు ఆ ఎడిషన్ అక్కడే రాసి ఉంటాయి. రెండు వేర్వేరు ఎడిషన్ల అంకెలను ఒకే పట్టికలో కలపకపోవడం క్షేమం.

తెరిచేటప్పుడు పాడయ్యేవి

సీఎస్‌వీ రూపంలో, అంటే గుర్తులతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టికగా, ఉన్న ఫైలులో నిలువు వరుసల మధ్య కామా ఉండదు, సెమీకోలన్ ఉంటుంది. అక్షరాలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఉంటాయి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే é లాంటి, మీద గీత ఉన్న అక్షరాలు చెదిరి చెత్తగా కనిపించే అవకాశం ఎక్కువ. తర్వాత పేరు వెతికితే దొరకదు, ఆ పేరే లేదనుకుంటాం. ఎక్సెల్‌ను ఖాళీగా తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలును దిగుమతి చేసుకుని, ఎన్‌కోడింగ్ 65001 (అంటే యూటీఎఫ్-8) ఎంచుకుని, విడదీసే గుర్తుగా సెమీకోలన్ పెట్టాలి. లిబ్రెఆఫీస్ అయితే తెరిచేటప్పుడే ఈ రెండూ అడుగుతుంది.

జాతీయ ఫైలు ఎక్సెల్‌లో పడుతుంది. జిల్లాల ఫైలు పట్టదు. ఎక్సెల్ ఒక షీటుకు తీసుకునేది 10,48,576 వరుసలు, జిల్లాల ఫైలులో 30 లక్షలకు పైగా ఉంటాయి. మిగతావి తెగిపోయాయని ఒక చిన్న హెచ్చరిక వస్తుంది, చదవకుండా సరే అని నొక్కేస్తే పని అయిపోయింది. పేర్లు అక్షర క్రమంలో ఉంటే మొదటి అక్షరాల పేర్లు మాత్రమే మిగులుతాయి. క్యూతో మొదలయ్యే కిత్రీ ఆ తెగిపోయిన భాగంలోకే వెళ్తుంది. ముందుగానే టెక్స్ట్ వడపోతతో కావలసిన పేరున్న వరుసలను వేరుచేసి, ఆ చిన్న ముక్కను మాత్రమే ఎక్సెల్‌లోకి తేవాలి. లేదా ఏదైనా చిన్న డేటాబేసులోకి ఎక్కించుకోవాలి.

స్పెల్లింగు విషయంలో ఫైలు నిక్కచ్చిగా ఉంటుంది. రెండు టీల కిత్రీ ఒక పేరు, ఒక టీ కిత్రీ ఇంకో పేరు. ఒక టీ రూపం 20 గీత దాటకపోతే అది అరుదైన పేర్ల గంపలో కలిసిపోతుంది, రెండు టీల రూపానికి దాని నుంచి ఒక్కటి కూడా రాదు. మీద గీతలున్న పేర్లను గీతతోనూ, గీత లేకుండానూ రెండుసార్లు వెతకాలి. అలియెనోర్ లాంటి పేరుకు ఇది తప్పనిసరి.

1900 అనే గోడ

ఈ ఫైలుకు ఉన్న అసలు లోటు దాని మొదలు. 1900కు ముందు ఏం జరిగిందో చెప్పదు. సిదొనీ అనే పేరు తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో బాగా వాడుకలో ఉన్న పేరు ఇది. రచయిత్రి కొలెత్ 1873లో పుట్టినప్పుడు పెట్టిన పేరు సిదొనీ గబ్రియెల్. ఫైలు మొదలయ్యేనాటికి ఆ వాడుక దిగుతూ ఉంది. గ్రాఫును మాత్రమే చూసేవాళ్ళకు సిదొనీ ఎప్పుడూ చిన్న పేరే అనిపిస్తుంది. అందుకే పాత పేరు ఏదైనా ఈ గ్రాఫు ఎడమ అంచున పైనుంచి కిందికి దిగుతూ మొదలైతే, దాని శిఖరం గోడకు అవతల ఉందని గ్రహించాలి.

కిత్రీది ఇంకో తరహా. ఇది ఒకప్పుడు దేశమంతా ఏలి తర్వాత పోయిన పేరు కాదు. నైరుతి ఫ్రాన్స్‌లో ఒక పునీతురాలి కొలువు, అంటే ఆరాధన, చుట్టూ నిలిచి, తర్వాత పాత కులీన, కాథలిక్ కుటుంబాల ఇష్టంతో బయటికి వచ్చిన పేరు. మహా వాడుకలో ఉన్న పేర్ల పక్కన పెడితే ఇది ఎంత చిన్నదో తెలుస్తుంది: 1900లో ఒక్క మరీ అనే పేరునే 40 వేల మందికి పైగా ఆడపిల్లలకు పెట్టారు. అరవైలలో నతలీ, డెబ్బైలలో స్తెఫనీ, తొంభైల చివర లేయా, ఆ తర్వాత ఎమ్మా ఇలాగే ఊపు మీద నడిచాయి. కిత్రీ ఆ అలల్లో దేంట్లోనూ లేదు. దాని విలువ కూడా అందులోనే ఉంది.

రెండో పేరుగా దాక్కున్నప్పుడు

ఫ్రాన్స్‌లో బిడ్డకు రెండు మూడు పేర్లు పెట్టడం పాత అలవాటు. మొదటిది పిలుపు కోసం, తర్వాతివి తరచుగా నాయనమ్మ, అమ్మమ్మ, జ్ఞానస్నానపు తల్లి పేర్లు. అరుదైన పేర్లు ఎక్కువగా బతికేది ఆ రెండో, మూడో స్థానాల్లోనే. పేర్ల ఫైలు వాటిని చూడదు.

దీనికి అదే సంస్థ ఇచ్చే ఇంకో సేవ ఉంది: మరణించినవాళ్ళ ఫైలు. 1970 నుంచి నమోదైన మరణాలు ఇందులో ఉన్నాయి, 2 కోట్లకు పైగా మనుషులు. 2019 చివరి నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దీంట్లో అందరి పేర్లూ అన్నీ ఉంటాయి, మొదటిదొక్కటే కాదు. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు కూడా ఉంటాయి. కాబట్టి 1880లలో, 1890లలో పుట్టి 1970 తర్వాత పోయినవాళ్ళు కనిపిస్తారు. 1900 గోడకు ఇది ఒక చిన్న కిటికీ.

పాత టెక్స్ట్ రూపంలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస, స్థానాలు నిర్ణయించి ఉంటాయి. మొదటి 80 అక్షరాల్లో ముందు ఇంటిపేరు, తర్వాత నక్షత్రం గుర్తు, తర్వాత ఖాళీలతో విడదీసిన పేర్లు, చివర వాలు గీత. 81వ స్థానంలో లింగం, ఆ తర్వాత 8 అంకెల్లో పుట్టిన తేదీ. తేదీ తెలియనప్పుడు రోజు చోట సున్నాలు ఉంటాయి, అలాంటి వరుసను తేదీగా మార్చబోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. వెతికేటప్పుడు నక్షత్రం తర్వాతి భాగంలోనే వెతకాలి. లేకపోతే ఇంటిపేరులో అదే అక్షరాలున్నవాళ్ళు కూడా వచ్చి పడతారు. ఇక్కడ కనిపించేవి నిజమైన మనుషుల వివరాలు, వాళ్ళ కుటుంబాలు ఉన్నాయి. పేరు లెక్కకు కావలసింది సంవత్సరం, ప్రాంతం మాత్రమే, మిగతాది బయట పెట్టే అవసరం ఏ పరిశోధనకూ లేదు.

అర్థం దగ్గర ఎవరిని నమ్మాలి

గణాంక సంస్థ అర్థం చెప్పకపోవడాన్ని తప్పు పట్టలేం, అది దాని పని కాదు. ఆ ఖాళీని నింపడానికి వచ్చే పేర్ల సైట్లలో చాలా వాటిని ఒక్క గుర్తుతో పక్కన పెట్టొచ్చు: పేరు చూసి మనిషి స్వభావం చెప్పేవి. ఒక పేరుకు రెండు పదాల అర్థం ఇచ్చి, ఏ భాషలో ఏ పదం నుంచి వచ్చిందో చెప్పకపోయినా అంతే.

కిత్రీకి రెండు మూలాలు చెబుతారు. ఒకటి గ్రీకు. కిథేరా అనే దీవి పేరు మీద అఫ్రొదితె దేవతకు వచ్చిన కిథెరేయా అనే బిరుదు. రెండోది లాటిన్ క్వియెటుస్, ప్రశాంతమైన అని. రెండిటికీ పూర్తి రుజువు లేదు కానీ రెండూ సమానంగా బలహీనం కావు, వాటిని తూచి చూడొచ్చు.

గ్రీకు మూలానికి వచ్చే అభ్యంతరం ధ్వని. గ్రీకు 'కి'ని లాటిన్‌లో సాధారణంగా సీ-వై అక్షరాలతో రాస్తారు, అది ఫ్రెంచికి వచ్చేసరికి 'స' అవుతుంది. ఆ దీవిని ఫ్రెంచిలో సితేర్ అనే అంటారు. మరి కిత్రీలో 'క' ఎలా నిలిచింది? దీనికి జవాబు మరో పునీతుడి పేరులో ఉంది. గ్రీకులో కిరికోస్ అనే బాలపునీతుడు లాటిన్‌లో రెండు రకాలుగా రాయబడ్డాడు, ఒకటి సిరికుస్, ఇంకోటి క్విరికుస్. ఉత్తర ఫ్రాన్స్‌లో అతను సేఁ సీర్ అయ్యాడు, ఇటలీలో సాన్ క్విరికో, కాటలోనియాలో సాంట్ కిర్క్. అంటే జనం నోట్లో గ్రీకు 'కి' లాటిన్ 'క్వి'గా మారడం పునీతుల పేర్లలో జరిగిన సంగతే. కాబట్టి ధ్వని అభ్యంతరం గ్రీకు మూలాన్ని కొట్టేయలేదు. క్వియెటుస్‌కు అర్థం అందంగా ఉంది, కానీ చివరి భాగం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టం. మా దృష్టిలో గ్రీకు వైపు మొగ్గు కాస్త ఎక్కువ.

మూడో అర్థం ఒకటి తిరుగుతూ ఉంటుంది, వదిలి వెళ్ళేది అని. ఇది వట్టి పోలిక. వదిలి వెళ్ళడం అనే అర్థంలో కితే అనే ఫ్రెంచి క్రియ ఉంది, రాతలో దానికీ రెండు టీలున్నాయి, అందుకని పేరు వినగానే ఫ్రెంచివాళ్ళకు అది తడుతుంది. ఆ క్రియ కూడా మధ్యయుగపు లాటిన్ మీదుగా క్వియెటుస్ నుంచే వచ్చింది కాబట్టి రెండో మూలం నిజమైతే ఇవి దూరపు చుట్టాలు అవుతాయి, అంతకుమించి కాదు. పేరుకు అర్థం వదిలి వెళ్ళడం అని రాసిన చోట మిగతా సమాచారాన్ని కూడా అనుమానించాలి.

పేరు నిలబడింది పద మూలం వల్ల కాదు, కొలువు వల్ల. లాంద్ దెపార్తమాఁలో ఎర్ సుర్ లదూర్ ఊళ్ళో ఆమె పేరుతో గుడి ఉంది. దాని నేలమాళిగలో నాలుగో శతాబ్దపు తెల్ల పాలరాతి శవపేటిక ఉంది, చుట్టూ బైబిలు దృశ్యాలు చెక్కి ఉంటాయి. స్పెయిన్‌లోని కంపొస్తెలాకు వెళ్ళే యాత్రా మార్గాల్లో భాగంగా ఆ గుడి 1998లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. కథ ప్రకారం ఆమె పెళ్ళికి ఒప్పుకోని విసిగోతు (ప్రాచీన జర్మానిక్ తెగ) రాకుమారి, తల నరికితే ఆ తలను తానే మోసుకుని వెళ్ళింది. పిచ్చికుక్క కాటుకు ఆమెను మొక్కుకునేవారు. పోర్చుగీసు, స్పానిష్ ప్రాంతాల్లోనూ ఆమె కొలువు ఉంది, అందుకే ఫ్రాన్స్‌లో అరుదైన ఈ పేరు అట్లాంటిక్ అవతల కొత్త కాదు. బ్రెజిల్ స్వాతంత్ర్య యుద్ధంలో మగవేషంలో పోరాడిన మరియా కితేరియా అక్కడ బడిపిల్లలకు కూడా తెలిసిన పేరు.

పండుగ రోజు కోసం ఫ్రాన్స్ బిషప్పుల సమాఖ్య నడిపే నోమినిస్ అనే సైటు బాగా పనికొస్తుంది. కిత్రీ పండుగ మే 22. ఫ్రెంచి ఇళ్ళలో వేలాడే మామూలు క్యాలెండరులో ఆ రోజున ఎమీల్ అని ఉంటుంది, కాబట్టి క్యాలెండరు చూసి ఆమెకు పండుగ లేదనుకోకూడదు.

ఇదే వరసలో వెతికే మరికొన్ని పేర్లకు దారి తేలిక. మావో అని పలికే పేరు, రాతలో నడుమ హెచ్ ఉంటుంది, మతిల్ద్‌కు పాత ఫ్రెంచి రూపం. జర్మానిక్ భాషలో శక్తి, యుద్ధం అనే రెండు పదాల కలయిక, 1329లో చనిపోయిన ఆర్త్వా ప్రభ్వి మావోతో చరిత్రలో నిలిచింది. ఇజోర్, ఆసియా మైనర్‌లోని ఇసౌరియా ప్రాంతం పేరు. తులూజ్ పూల కవితోత్సవాలకు పోషకురాలిగా చెప్పుకునే క్లెమాఁస్ ఇజోర్ వల్ల ఫ్రాన్స్‌లో అందరికీ పరిచయం. సిదొనీ అంటే సీదోను పట్టణానికి చెందినది.

చట్టం గీసిన గీతలు

గ్రాఫు ఆకారాన్ని అర్థం చేసుకోవాలంటే మూడు తేదీలు చాలు. విప్లవ క్యాలెండరు 11వ సంవత్సరం జెర్మినాల్ 11, అంటే 1803 ఏప్రిల్ 1న వచ్చిన చట్టం క్యాలెండర్లలోని పేర్లు, ప్రాచీన చరిత్రలోని పేర్లు మాత్రమే అనుమతించింది. 1966లో ప్రభుత్వ ఆదేశం ప్రాంతీయ పేర్లకు, ముద్దు రూపాలకు తలుపు కాస్త తెరిచింది. 1993 జనవరి 8 చట్టం తల్లిదండ్రులకు స్వేచ్ఛ ఇచ్చింది. ఇప్పుడు పేరు బిడ్డకు హాని చేస్తుందనిపిస్తే నమోదు అధికారి ప్రాసిక్యూటరుకు తెలియజేస్తారు, తేల్చేది కుటుంబ వ్యవహారాల జడ్జి. కిత్రీ పునీతురాలి పేరు కాబట్టి పాత చట్టం కిందా ఇబ్బంది లేనిదే. అందుకని 1993 దగ్గర దాని గ్రాఫులో మార్పు కనిపిస్తే కారణం చట్టమని చెప్పేముందు ఆలోచించాలి.

1900కు ముందు కాలానికి వెళ్ళడానికి

దెపార్తమాఁ ఆర్కైవుల సైట్లలో జనన రిజిస్టర్ల స్కాన్లు ఉంటాయి. జననాలకు 75 ఏళ్ళ గడువు, అది దాటినవి చూడొచ్చు. పౌర నమోదు 1792 సెప్టెంబరు 20 చట్టంతో మొదలైంది, అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు. ఒక్కో రిజిస్టరు తిరగేయడం కన్నా పదేళ్ళ పట్టికలతో మొదలుపెట్టాలి. ఇవి 3తో ముగిసే సంవత్సరంలో మొదలై 2తో ముగిసే సంవత్సరంలో ఆగుతాయి, 1883 నుంచి 1892 వరకు ఒకటి, అలా. చిక్కేమిటంటే ఇవి ఇంటిపేరు క్రమంలో ఉంటాయి, పిల్ల పేరు క్రమంలో కాదు. కిత్రీ కోసం మొత్తం పట్టిక కళ్ళతో చదవాల్సిందే. ఎర్ సుర్ లదూర్ లాంటి చిన్న ఊరికి పదేళ్ళ పట్టిక చదవడం ఒక పూట పని, పెద్ద నగరానికి అది కుదరదు. చదివేటప్పుడు ఒక టీ రూపాన్ని, రెండు టీల రూపాన్ని వేర్వేరు గడుల్లో లెక్క వేసుకోవాలి. పట్టికలో గుమాస్తా మొదటి పేరు ఒక్కటే రాసి మిగతావి వదిలేసే సందర్భాలు ఉంటాయి కాబట్టి, మరీ అని మాత్రమే ఉన్న వరుసల్లో కొన్నిటినైనా అసలు రిజిస్టరు తెరిచి సరిచూడాలి. మరీ కిత్రీలు దొరికేది అక్కడే.